ఉంచవలసినవి

అంటు కేంద్రంలో కుర్చీ ఎక్కించే ముందు నింపమని ఇచ్చే కాగితం పేరు ‘ఉంచవలసినవి’. సత్యవాణి అప్పటికి దాన్ని రెండుసార్లు నింపింది. ఈసారి పాత కాగితాలు రెండూ పక్కన పెట్టుకుని, ఒక్కొక్క వరుసా సరిచూసుకుంటూ రాసింది. తెలుగు, ఇంగ్లీషు, హిందీ మాట్లాడటం. కారు నడపడం. ఈత. బాలెన్స్ షీటులో తప్పున్న చోట కన్ను ఆగడం. అద్దం లేకుండా కుచ్చిళ్ళు పెట్టుకోవడం. పులుసు వాసన చూసి ఉప్పు తగ్గిందని చెప్పడం. మొత్తం ఇరవై రెండు.

“ఇంకేమైనా ఉన్నాయా?” అడిగింది డాక్టర్ కుముదిని. “చేతికో, చెవికో, కంటికో ఏళ్ళ తరబడి అలవాటైనది ఏదైనా సరే. రాసినవన్నీ మిషన్లో ఉండగా మీ చేత చేయిస్తాం. అప్పుడు అంటు వాటి జోలికి పోదు. రాయని వాటికి నేను పూచీ పడలేను.”

“అయిపోయాయండీ.”

కిటికీ అవతల కడియం నర్సరీలు. ఒకాయన పీట మీద కూర్చుని మామిడి మొక్కల తలలు కోసి, వేరే చెట్టు కొమ్మలు అతికించి, పట్టీలు చుడుతున్నాడు. కేంద్రానికి కుముదిని ఆ పేరు పెట్టింది ఆ పని చూసే. ఒకరికి ముప్పై ఏళ్ళలో అబ్బిన నేర్పు మెదడులో ఏ చోట ఉందో చదివి, ఇంకొకరి మెదడులో అదే చోట మొలిపించడం ఆమె కనిపెట్టిన పద్ధతి. ఆ మనిషి జ్ఞాపకాలు రావు. నేర్పు ఒక్కటే వస్తుంది.

పక్క గదిలో పేర్రాజు గారు తీగల టోపీ పెట్టుకుని, పకోడీల పొట్లం ఒళ్ళో ఉంచుకుని సిద్ధంగా ఉన్నాడు. అమృతవల్లి షుగర్స్‌లో ముప్పై నాలుగేళ్ళు పంచదార అమ్మి రిటైరైన మనిషి. ఫోన్లో వ్యాపారి ఊపిరి విని, బేరం ఎక్కడ తెగుతుందో చెప్పేవాడని పేరు.

“ఏమ్మా, నా చెవి నీకు పెడతారంటగా. నా చెవుడు కూడా వచ్చేస్తుందేమో సూసుకో” అన్నాడు.

సత్యవాణి నవ్వింది. మూడు గంటల తర్వాత టోపీలు తీశారు. ఇంటికి వస్తూ దారిలో కొబ్బరి బొండాం అడిగితే, బండివాడు ధర చెప్పిన తీరులోనే అతను ఎంతకు దిగుతాడో ఆమెకు తెలిసిపోయింది. బేరమాడకుండానే తాగి వచ్చింది.

అమృతవల్లి షుగర్స్ స్థాపించిన పెద్దాయన ఒక నియమం రాసి పోయాడు. చెరకు తోట, మిల్లు, పాకం కాచే పాన్‌హౌస్, లెక్కలు, అమ్మకం: ఈ ఐదు చోట్లా ఒక్కో క్రషింగ్ సీజను పనిచేసినవాళ్ళే కంపెనీని నడపాలి. ఆయన కొడుకు తాతబ్బాయి గారు చైర్మన్ అయ్యాక, అంటు కట్టించుకున్నా సీజను చేసినట్టేనని బోర్డు చేత ఒప్పించాడు. లెక్కలు సత్యవాణి సొంత విద్య. చెరకు, మిల్లు అంటుకున్నాయి. ఇప్పుడు అమ్మకం. ఇక పాన్‌హౌస్ ఒక్కటే మిగిలింది. ఈ అంటు కట్టిన నలభై ఐదో రోజున బోర్డు సమావేశం. ఆ రోజుకి ఐదూ పూర్తయితే ఆమె సీఈఓ. కాకపోతే ఐదు శాఖలూ వేరే ఫ్యాక్టరీల్లో చేసివచ్చిన పుణె ఆయన ఉన్నాడు.

ఇరవై రెండేళ్ళ వయసులో లెక్కల గుమాస్తాగా చేరిన రోజున ఆమె గోడ కాలెండరు చించి, దాని వెనక ఒక నిచ్చెన గీసుకుంది. ఏ ఏటికి ఏ మెట్టు. పై మెట్టు పక్కన ‘నలభై ఒకటి’ అని రాసుకుంది. అప్పుడు ఆమె తండ్రి వీర్రాజు అదే ఫ్యాక్టరీలో పాన్‌మన్. పెద్ద పాన్లలో చెరకు పాకం మరుగుతుంటే, బొట్టు తీసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్ది, గింజ కట్టే క్షణం చెప్పేవాడు. ఆయన చెప్పాకే ఆవిరి ఆపేవారు. ఆఫీసులో ఆమెను చాలాకాలం పేరు పెట్టి పిలవలేదు, పాన్‌మన్ కూతురనే అన్నారు. ఇప్పుడు ఆమెకు నలభై ఒకటి నడుస్తోంది.

వీర్రాజుకి పక్షవాతం వచ్చి నాలుగేళ్ళు. కుడి చెయ్యీ కాలూ పడిపోయాయి. మాటల్లో ఒక్కటి మిగిలింది: ‘అదే’.

మంచినీళ్ళు కావాలన్నా అదే. ఫ్యాను తగ్గించమన్నా అదే. సాంబారు బాగాలేదన్నా అదే, కాకపోతే దాని చివర చిన్న విరుపు. డాక్టర్లు ఆయన మాటలు పోయాయన్నారు, తెలివి పోలేదన్నారు. సత్యవాణి మొదటి ఏడాదంతా ఆయన మంచం పక్కన కూర్చుని, ఆ ఒక్క మాటలోని ఎత్తుపల్లాలు పట్టుకుంది. రెండో ఏడాదికి తండ్రీ కూతుళ్ళు గంటల తరబడి కబుర్లు చెప్పుకునేవారు. ఆయన అదే అంటే, “లేదు నాన్నా, ఆయన రిటైరయ్యాడు, వాళ్ళ అబ్బాయి వచ్చాడు” అనేది. అత్తగారు సుభద్రమ్మ వంటింట్లోంచి విని, “మీ ఇద్దరి దగ్గరా కూర్చుంటే నాకే మతి పోయిందనిపిస్తుంది” అనేది. సత్యవాణి భర్త ఓడ మీద ఇంజనీరు, ఏడాదిలో సగం సముద్రం మీదే. ఇంట్లో ఈ ముగ్గురే.

అంటు కట్టిన ఎనిమిదో రోజు ఉదయం వీర్రాజు కాఫీ గ్లాసు పక్కన పెట్టి, “అదే” అన్నాడు.

సత్యవాణి చీర పిన్ను పెట్టుకుంటూ ఆగింది. మాట వినబడింది. అది దేని గురించో వినబడలేదు. పేపరు చేతికిచ్చింది. ఆయన తల అడ్డంగా ఊపి మళ్ళీ అన్నాడు. ఈసారి ఆమెకు ఒక సంగతి స్పష్టంగా తెలిసింది: అడిగింది ఇవ్వకపోయినా ఈ మనిషి ఇంకో రెండుసార్లు అడిగి ఊరుకుంటాడు.

“సరే నాన్నా” అంది. బ్యాగు తీసుకుని వెళ్ళిపోయింది.

అలసట అనుకుంది. పదో రోజునా, పన్నెండో రోజునా అదే అలసట. ఆఫీసులో మాత్రం పట్టిందల్లా కుదిరింది. రెండేళ్ళుగా నలుగుతున్న చెన్నై ఒప్పందం ఒక మధ్యాహ్నంలో ముగించింది. ఎదుటివాళ్ళ గొంతులో సన్నటి జారుడు వినబడగానే ఆమె నోరు మూసుకునేది. పేర్రాజు గారి పద్ధతి అది. ఆఖరి మాటకు ముందు మౌనం. ఎదుటివాడే ఆ ఖాళీని భరించలేక దిగివస్తాడు. ఇంటికొచ్చి తండ్రి పక్కన కూర్చుని, “సరే నాన్నా”, “చూస్తాలే నాన్నా”, “అవునా” అని మార్చి మార్చి అనేది.

పంతొమ్మిదో రోజు మధ్యాహ్నం ఇంటి నుంచే బోర్డు సభ్యుడితో ఫోన్లో మాట్లాడుతోంది. వీర్రాజు పడక్కుర్చీలో ఉన్నాడు. కాలు కింద సుభద్రమ్మ వేణ్ణీళ్ళ సంచి పెట్టి వెళ్ళింది.

“అదే” అన్నాడు.

సత్యవాణి చెయ్యి ఊపింది.

“అదే. అదే.”

“సరే నాన్నా, ఒక్క నిమిషం.” దుప్పటి ఆయన కాళ్ళ మీదికి ఇంకాస్త లాగి, సందులు లేకుండా దోపి, వరండాలోకి నడిచింది.

అరగంట తర్వాత సుభద్రమ్మ దుప్పటి ఎత్తింది. సంచి మూత వదులైంది. మడమ మీద నిమ్మకాయంత పొక్కు. వీర్రాజు కళ్ళు మూసుకుని ఉన్నాడు. కళ్ళ చివర్లు తడిగా ఉన్నాయి.

సుభద్రమ్మ కేకలు వేసే మనిషి కాదు. మందు రాసి, గుడ్డ కట్టి, కోడల్ని వంటింట్లోకి పిలిచింది.

“ఎన్నిసార్లు అన్నారు అన్నయ్యగారు?”

“మూడుసార్లు.”

“నీకు అర్థం కాలేదు కదూ?”

“ఫోన్లో ఉన్నాను అత్తయ్యా.”

“ఫోన్లో ఉండి కూడా ఆయన తుమ్ముకి ముందు రుమాలు అందించిన దానివి. పదిరోజులుగా చూస్తున్నాను. ఆయన కిటికీ తియ్యమంటే మాత్రలు ఇచ్చావు. మీ అమ్మ ఫొటో చూపిస్తే సరే అని ఆఫీసుకి పోయావు. ఆ రోజు ఆవిడ తద్దినం. ఏమైందమ్మా నీకు?”

సత్యవాణి అంటు కేంద్రానికి ఫోన్ చేసింది.

ఇరవై ఒకటో రోజు కుముదిని ఆమెకు పరీక్ష చేసి, తెర మీద రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టింది.

“మీ కాగితంలో ఇది లేదు సత్యవాణి గారూ.”

“అదొక విద్య అని నేననుకోలేదండీ. మా నాన్నతో మాట్లాడటం అది. దాన్ని కాగితం మీద ఏమని రాస్తాను?”

కుముదిని కళ్ళజోడు తీసింది. “పేర్రాజు గారు వ్యాపారి గొంతు వెనక ఉన్నది వినేవారు. మీరు మీ నాన్నగారి గొంతు వెనక ఉన్నది వినేవారు. మెదడుకి రెండూ ఒకటే పని. ఒకటే చోటు. కొత్తది కూర్చుంది, పాతది లేచిపోయింది. అడగాల్సింది నేను. ఇళ్ళలో మనుషులు ఏమేం నేర్చుకుంటారో నా ఫారంలో గడి లేదు.”

“తీసెయ్యొచ్చా?”

“నలభై రోజుల లోపు. ఆ తర్వాత ముదిరిపోతుంది, తియ్యలేం. తీసినా పాతది తిరిగి రాదు. ఆ చోటు ఖాళీగా ఉంటుంది. మొదటి నుంచి నేర్చుకోవాలి. వస్తుందనీ చెప్పలేను, రాదనీ చెప్పలేను. అంటు ఉన్నంతకాలం మాత్రం నేర్చుకున్నా పట్టదు.”

నలభై. బోర్డు నలభై ఐదున. తీయించుకుంటే అమ్మకం సీజను లేనట్టే.

“ఆలోచించుకుని చెప్తాను” అంది సత్యవాణి.

ఇంట్లో సుభద్రమ్మతో అంతా చెప్పింది. ఆమె వింటూ బీరకాయ చెక్కు తీసింది.

“ఆయనకి చెప్పు.”

“బోర్డు అయ్యాక చెప్తాను.”

“అయ్యాక చెప్పేందుకు ఇంకేం ఉంటుంది? ఆయన రోజూ నీతో మాట్లాడుతున్నాననుకుంటున్నారు. గోడతో మాట్లాడుతున్నారని ఎవరో ఒకరు చెప్పొద్దూ?”

“పంతొమ్మిదేళ్ళు అత్తయ్యా. మీకు తెలీదు.”

“తెలీకేం. నీ కారియర్ రోజూ నేనేగా కట్టింది.”

ఇరవై ఎనిమిదో రోజున పాన్‌హౌస్ అంటు ఇవ్వాల్సిన సింహాచలం గుండె ఆగి పోయాడు. చేత్తో పాకం చూసిన పాన్‌మన్లలో అప్పటిదాకా ఆయన, వీర్రాజు ఇద్దరే మిగిలి ఉన్నారు. తర్వాత వచ్చినవాళ్ళందరూ మీటర్లు చూసి పని చేసినవాళ్ళే. తాతబ్బాయి గారు రెండు రోజులు ఆగి సత్యవాణిని పిలిచాడు.

“మీ నాన్నగారే ఉన్నారు కదమ్మాయ్. నోరు పోయింది గానీ వేళ్ళు పోలేదు. మా నాన్నగారే అనేవారు, వీర్రాజు వేళ్ళ మధ్య గింజ దాక్కోలేదని.”

కుముదిని ఒప్పుకుంది, కానీ ఉన్న ప్రమాదం దాచలేదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ దగ్గర తీసుకున్నా వాళ్ళది వాళ్ళకు ఉంటుంది. పక్షవాతం వచ్చిన మెదడులో చదివేటప్పుడు చెరిగిపోవచ్చు. పదిమందిలో ముగ్గురికి అలా జరగవచ్చు. వీర్రాజు ఇప్పటికీ ఎడమచేత్తో సుభద్రమ్మ కాచే అరిసెల పాకం, బూరెల పాకం చూస్తాడు. వీధిలో పెళ్ళి వంటవాళ్ళు సైతం వచ్చి గరిటె ఆయన ముందు పెడతారు. ఆయన రోజంతటిలో ఇతరులకు పనికొచ్చే గంట అదొక్కటే.

అందుకని ఆయన అనుమతి ఉండాలి. ఇచ్చే మనిషి సొంత నోటితో, సాక్షుల ముందు, మూడుసార్లు అడిగితే మూడుసార్లు చెప్పాలని నియమం. మాట లేనివారి తరఫున, వారి మాట తెలిసిన మనిషి ఏమన్నారో రాసి సంతకం పెట్టాలి. కాగితంలో ఆ గడి పక్కన ‘కూతురు సత్యవాణి’ అని ముందే టైపు చేసి ఉంది.

ముప్పై ఆరో రోజు ఉదయం పది గంటలకు ఫ్యాక్టరీలో పెద్దాయన గదిలో కూర్చున్నారు. సీజను కాదు కనుక మిల్లు నిశ్శబ్దంగా ఉంది. తాతబ్బాయి గారు బల్లకు ఆ పక్క, కుముదిని ఈ పక్క. ఇంటి తరఫు సాక్షిగా సుభద్రమ్మ చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని నిటారుగా కూర్చుంది. చక్రాల కుర్చీలో వీర్రాజు తెల్ల చొక్కా వేసుకుని, తల దువ్వించుకుని, తను పనిచేసినన్నాళ్ళూ లోపలికి రాని ఆ గదిని చూస్తున్నాడు.

కుముదిని కాగితం చదివింది. ఏం తీసుకుంటారో, ఏం పోవచ్చో, ఎవరికి పెడతారో. దాచకుండా, నెమ్మదిగా. “వీర్రాజు గారూ, మీకు సమ్మతమేనా?”

వీర్రాజు కూతురి వైపు తిరిగాడు. “అదే” అన్నాడు.

కుముదిని కలం తెరిచింది. అందరూ సత్యవాణి వైపు చూశారు.

“మూడూ అయ్యాక రాస్తాను” అంది ఆమె.

రెండోసారి చదివారు. ఈసారి ఆయన కాసేపు ఆలోచించాడు. పొడుగ్గా, మధ్యలో ఊపిరి తీసుకుని అన్నాడు. “అదే… అదే.”

అందులో ఏముందో ఆమెకు తెలియలేదు. వద్దన్నాడో, తప్పకుండా తీసుకోమన్నాడో, ముందు ఇంకేదో అడిగాడో. తెలిసింది ఒక్కటే. ఆ గొంతు చివర సన్నటి జారుడు. చెన్నై వ్యాపారి గొంతులో విన్నదే. ఈ మనిషికి ఏదో అభ్యంతరం ఉన్నా, లేకపోయినా, ఇంకొక్క మాటంటే దిగివస్తాడు.

“మూడోసారి చదవమంటారా?” అంది కుముదిని.

“ఒక్క నిమిషం” అంది సత్యవాణి. ముందుకు వంగి తండ్రి ఎడమచెయ్యి పట్టుకుంది. “నాన్నా, నా కోసం.”

అని ఆగింది. ఆగడం ఆమె అనుకుని చేసింది కాదు. నోరు దానంతటదే మూసుకుంది. గదిలో మౌనం పెరిగింది. వీర్రాజు చేతి వేళ్ళు ఆమె అరచేతిలో కదిలాయి. ఆయన ఊపిరి ఒకసారి తడబడింది. ఇంకో రెండు క్షణాలు ఆగితే చాలునని ఆమెకు ఖచ్చితంగా తెలుసు. తల ఊపుతాడు. తల ఊపడం అందరికీ అర్థమవుతుంది. ఇక ఆమె చెప్పాల్సిన పనే ఉండదు.

ఆయన గడ్డం కిందికి కదలడం మొదలైంది.

“ఆగు నాన్నా” అంది సత్యవాణి. గట్టిగానే అంది. చెయ్యి వదిలేసింది. “చదవొద్దండీ. ఆయన ఏమన్నారో నాకు తెలీదు.”

తాతబ్బాయి గారు ముందుకు వంగాడు. “తెలీకపోవడమేంటమ్మాయ్? నాలుగేళ్ళుగా నువ్వేగా…”

“పోయిందండీ. ఆ అమ్మకం అంటు కట్టిన దగ్గర్నుంచి. నెల రోజులుగా ఆయన ఏమన్నా నాకు ఒక్క ముక్క తెలీడం లేదు. తెలిసినట్టు నటిస్తున్నాను.”

ఆ మాటలు ఆమె చైర్మన్ వైపు చూసి చెప్పింది. వీర్రాజు వైపు చూడటానికి కొంతసేపు పట్టింది. ఆయన ఆమెనే చూస్తున్నాడు. కోపం లేదు. ఇన్నాళ్ళ మాటలూ ఒక్కొక్కటే వెనక్కి తీసి, వాటికి వచ్చిన జవాబులతో సరిపోల్చుకుంటున్న మనిషిలా ఉన్నాడు.

తాతబ్బాయి గారు సుభద్రమ్మ వైపు తిరిగాడు. “పోనీ మీకు తెలుస్తుందా అమ్మా?”

“కాఫీ, ఫ్యాను, బాత్రూము తెలుస్తాయండి. ఇంత పెద్ద మాట తెలుసని అబద్ధమాడలేను.”

“ఈ సంగతి బోర్డుకి చెప్పకుండా ఉంటే పోయేదేముంది? తల ఊపబోయారు, నేను చూశాను.”

“నేనూ చూశానండీ. ఊపించింది నేను. అందుకే ఆపాను.” సత్యవాణి కాగితం దగ్గరికి లాక్కుని, తన పేరున్న గడిలో ‘తెలియలేదు’ అని రాసి, కింద సంతకం చేసి, తారీఖు వేసింది.

తాతబ్బాయి గారు కాగితం తనవైపు తిప్పుకుని ఆ మాట చదివాడు. “పుణె ఆయనకి ఫోన్ చెయ్యాలయితే” అన్నాడు. మంచి మనిషి. గొంతులో నొప్పి దాచుకోలేదు. ఆ నొప్పి ఎంతసేపు ఉంటుందో కూడా సత్యవాణికి వినబడింది.

కారులో ఆమె తండ్రిని అడిగింది. “నాన్నా, ఇమ్మన్నావా, వద్దన్నావా? వద్దంటే చెయ్యి ఇలా ఊపు. ఇమ్మంటే తల ఊపు.”

వీర్రాజు కిటికీ వైపు తిరిగి చెరకు తోటలు చూస్తూ కూర్చున్నాడు. చెయ్యీ ఊపలేదు, తలా ఊపలేదు. ఆ ప్రశ్నకు ఆమెకు జవాబు ఎప్పటికీ దొరకలేదు.

రెండు రోజులు ఆయన ఇంట్లో ఆ ఒక్క మాట కూడా అనలేదు. కావలసినవి సుభద్రమ్మకి వేలితో చూపించాడు. కూతురు గదిలోకి వస్తే కళ్ళు మూసుకున్నాడు. సుభద్రమ్మ ఇద్దరికీ అన్నం పెట్టింది. ఎవరి తరఫునా మాట్లాడలేదు.

ముప్పై తొమ్మిదో రోజు సత్యవాణి కుముదిని దగ్గరికి వెళ్ళింది. డాక్టరు ‘ఉంచవలసినవి’ కాగితం ఇవ్వబోతే, “తీసేటప్పుడు ఇది అక్కర్లేదు కదా” అంది సత్యవాణి. కుముదిని అప్పుడు చూపించింది. ఫారం కింద కొత్తగా అచ్చువేయించిన వరుస ఒకటుంది: ఇంట్లో మీకు మాత్రమే అర్థమయ్యే మనిషి ఎవరైనా ఉన్నారా?

సత్యవాణి దాన్ని చదివి, తిరిగి ఇచ్చేసి, కుర్చీ ఎక్కింది.

సాయంత్రం ఇంటికి వస్తూ బత్తాయిలు కొంది. పళ్ళ దుకాణం మనిషి ధర చెప్పాడు. అతని గొంతులో ధర తప్ప ఇంకేమీ వినబడలేదు. చెప్పినంతా ఇచ్చి వచ్చింది. ఫోన్లో తాతబ్బాయి గారి సందేశం ఉంది. పుణె ఆయన నెలాఖరున చేరతాడు. లెక్కల శాఖ ఆయనకు పరిచయం చేసే బాధ్యత సత్యవాణిది.

వీర్రాజు వరండాలో ఉన్నాడు. మడమ మీద పొక్కు ఎండి, చర్మం ఊడుతోంది. ఆమె ఆయన పక్కన మోడా మీద కూర్చుని, బత్తాయి ఒలిచి, ఒక తొన చేతిలో పెట్టింది. ఆయన తినలేదు. దాన్ని పట్టుకుని కూతురి మొహం చాలాసేపు చూశాడు. ఆమె పొద్దున్న ఎక్కడికి వెళ్ళిందో సుభద్రమ్మ చెప్పినట్టుంది.

“అదే” అన్నాడు.

మూడు రోజుల తర్వాత మొదటిసారి. చెవి ఖాళీగా ఉంది. ఎత్తూ లేదు, పల్లమూ లేదు. ఒట్టి రెండక్షరాలు. అలవాటు కొద్దీ సరే నాన్నా అన్న మాట పెదవుల దాకా వచ్చింది. మింగేసింది.

“అర్థం కాలేదు నాన్నా” అంది. “మళ్ళీ చెప్పు.”

వీర్రాజు తొన నోట్లో పెట్టుకుని, నెమ్మదిగా నమిలి, మింగి, మళ్ళీ చెప్పాడు.